జర్మనీకి అన్నీ నవంబర్ 9నే ఎందుకు జరిగాయి?

జర్మనీ చరిత్రలో ఒక వింత జాబితా ఉంది. 1848 నవంబర్ 9న ప్రజాస్వామ్యవాది రాబర్ట్ బ్లూమ్‌ను వియన్నాలో కాల్చి చంపారు. 1918 నవంబర్ 9న రాచరికం కూలి బెర్లిన్‌లో రిపబ్లిక్‌ను ప్రకటించారు. 1923 నవంబర్ 9న మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు పోలీసు కాల్పులతో ముగిసింది. 1938 నవంబర్ 9 రాత్రి దేశమంతటా యూదుల ప్రార్థనాలయాలు తగలబడ్డాయి. 1989 నవంబర్ 9 రాత్రి బెర్లిన్ గోడ తెరుచుకుంది. అందుకే అక్కడివాళ్లు ఈ తేదీని విధి దినం అంటుంటారు.

జాబితాలో తప్పేమీ లేదు. పేచీ అంతా విధి అనే మాట దగ్గరే. ఈ ఐదింటినీ ఒక గాటన కట్టేసి ‘ఎంత విచిత్రమో’ అనుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. వీటిలో మూడు ఒకదాన్ని పట్టుకుని ఒకటి వచ్చాయి. మిగతా రెండు వాటి దారిన అవి వచ్చి అదే తేదీ మీద పడ్డాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలంటే ఆ రోజు ఎవరు ఎక్కడున్నారో, ఎందుకున్నారో చూడాలి. అన్నిటికన్నా తేటగా కనబడేది 1938, కాబట్టి అక్కడి నుంచి వెనక్కి నడుద్దాం.

ఆ ఏడాది అక్టోబర్ చివర్లో నాజీ ప్రభుత్వం జర్మనీలో ఉంటున్న సుమారు 17,000 మంది పోలిష్ యూదులను పట్టుకుని పోలండ్ సరిహద్దు దగ్గర వదిలేసింది. పోలండేమో వాళ్లను లోపలికి రానివ్వడానికి ఇష్టపడలేదు. అలా నడిమధ్య చిక్కుకున్న కుటుంబాల్లో హెర్షెల్ గ్రిన్‌ష్‌పాన్ తల్లిదండ్రులు కూడా ఉన్నారు. పారిస్‌లో ఉంటున్న ఆ 17 ఏళ్ల కుర్రాడు నవంబర్ 7న అక్కడి జర్మన్ రాయబార కార్యాలయానికి వెళ్లి ఎర్న్‌స్ట్ ఫామ్ రాట్ అనే అధికారిని తుపాకీతో కాల్చాడు. రాట్ రెండు రోజులు కొట్టుమిట్టాడి 9వ తేదీన చనిపోయాడు.

ఆ కబురు అందేసరికి మ్యూనిక్ పాత టౌన్ హాల్లో విందు జరుగుతోంది. హిట్లర్, ప్రచార మంత్రి గోబెల్స్, ప్రాంతాల వారీ పార్టీ నాయకులు, పార్టీ సొంత సేన అయిన ఎస్‌ఏ దళాల పెద్దలు అందరూ అక్కడే ఉన్నారు. హిట్లర్ గోబెల్స్‌తో పక్కకు తిరిగి ఏదో మాట్లాడి, ఏటా ఇచ్చే ప్రసంగం ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. రాత్రి పది గంటల ప్రాంతంలో గోబెల్స్ లేచాడు. ప్రజల ఆగ్రహం దానంతటదే చెలరేగితే పార్టీ అడ్డుపడనక్కర్లేదు, పార్టీయే చేయించినట్టు మాత్రం కనబడకూడదు. అతను చెప్పినదాని సారం ఇంతే. విన్నవాళ్లకు అర్థం కావాల్సింది అర్థమైంది. ఎవరి జిల్లాకు వాళ్లు ఫోన్లు చేశారు.

ఇక్కడ కాస్త ఆగాలి. దేశం నలుమూలల నుంచీ పార్టీ పెద్దలు ఆ రాత్రి ఒకే గదిలో ఎందుకున్నారు? రాట్ చనిపోయాడని వచ్చినవాళ్లు కాదు వాళ్లు. ప్రతి నవంబర్ 8, 9 తేదీల్లో మ్యూనిక్ చేరడం వాళ్లకు రివాజు. అదే మార్చిలోనో జూన్‌లోనో అయితే బెర్లిన్ నుంచి ఆజ్ఞలు రాతపూర్వకంగా వెళ్లాల్సి వచ్చేది, ఎవరు ఏమన్నారో కాగితం మీద మిగిలేది. ఆ రాత్రి ఆ బెడద లేకపోయింది. నోటిమాటగా చెబితే చాలు, వినాల్సినవాళ్లంతా ఎదురుగానే ఉన్నారు, పైగా అప్పటికే పాత పగల జ్ఞాపకాలతో వేడెక్కి ఉన్నారు. రాట్ ఆ రోజే చనిపోవడం కాకతాళీయం. ఆ చావు గంటల్లో దేశవ్యాప్త దాడిగా మారడం కాకతాళీయం కాదు, ఆ పని తేదీ చేసిపెట్టింది.

నిజానికి ఆ విధ్వంసంలో ఎక్కువ భాగం 9న జరగనేలేదు. భద్రతా పోలీసుల అధిపతి హైడ్రిచ్ పంపిన టెలిగ్రామ్ మీద ఉన్న సమయం రాత్రి 1.20, అంటే క్యాలెండర్ ప్రకారం 10వ తేదీ. చాలా ఊళ్లలో మంటలు పెట్టింది తెల్లవారుజామున, దుకాణాలు పగలగొట్టింది పట్టపగలు. వెయ్యికి పైగా ప్రార్థనాలయాలు, సుమారు 7,500 వ్యాపారాలు దెబ్బతిన్నాయి. దాదాపు 30,000 మంది యూదు పురుషులను డకావ్, బూఖెన్‌వాల్డ్, జాక్సెన్‌హౌసెన్ నిర్బంధ క్యాంపులకు తరలించారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 91 మంది. క్యాంపుల్లో చనిపోయినవాళ్లనూ ఆత్మహత్యలనూ కలిపితే అసలు సంఖ్య ఇంకా చాలా పెద్దది. చివరికి నష్టపోయిన యూదుల మీదే వంద కోట్ల మార్కుల జరిమానా వేశారు. చరిత్ర పుస్తకాల్లో దీనికి 9 అనే తేదీ స్థిరపడడానికి కారణం ఆ హాలు, ఆ ప్రసంగం.

ఆ రివాజు ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1923కి వెళ్లాలి.

ఆ ఏడాది జర్మనీలో కరెన్సీ విలువ కుప్పకూలింది. రూర్ ప్రాంతం ఫ్రెంచి, బెల్జియన్ సైన్యాల ఆక్రమణలో ఉంది. బవేరియాలో గుస్టాఫ్ ఫాన్ కార్ ప్రత్యేకాధికారాలతో పాలిస్తున్నాడు, బెర్లిన్ ప్రభుత్వమంటే అతనికీ గిట్టదు. నవంబర్ 8 సాయంత్రం మ్యూనిక్‌లోని బ్యుర్గర్‌బ్రాయ్ అనే పెద్ద బీర్ హాల్లో కార్ ప్రసంగిస్తుండగా హిట్లర్ మనుషులతో చొరబడి పైకప్పులోకి తుపాకీ పేల్చి, జాతీయ విప్లవం మొదలైందని ప్రకటించాడు. కార్‌నూ, స్థానిక సైన్యాధిపతినీ, పోలీసు అధిపతినీ పక్కగదిలోకి తీసుకెళ్లి బలవంతాన ఒప్పించాడు. తర్వాత హిట్లర్ పక్షాన ఉన్న మాజీ సేనాని లూడెన్‌డార్ఫ్ వాళ్ల మాట నమ్మి వదిలేశాడు. బయటపడగానే ముగ్గురూ ఎదురు తిరిగారు. మర్నాడు, అంటే 9న మధ్యాహ్నం, ఏం చేయాలో తోచక ఊరేగింపుగా బయల్దేరిన గుంపు ఫెల్ట్‌హెర్న్‌హల్లె అనే కట్టడం దగ్గర పోలీసులకు ఎదురైంది. కాల్పుల్లో నలుగురు పోలీసులు చనిపోయారు. నాజీలు తమవైపు 16 మందిని లెక్క చెప్పుకున్నారు. హిట్లర్ భుజం కీలు తప్పింది, రెండు రోజుల తర్వాత పట్టుబడ్డాడు. ఐదేళ్ల శిక్ష పడింది, 1924 డిసెంబర్‌లోనే బయటికి వచ్చేశాడు.

తేదీ సంగతికొస్తే, తిరుగుబాటుకు ముందు అనుకున్నది 11వ తేదీ. 8 సాయంత్రం కార్ సభ ఉందని, బవేరియా పెద్దలంతా ఒకచోట దొరుకుతారని తెలిసి ముందుకు జరిపారు. కాబట్టి 9 అనే అంకెను ఎవరూ ముహూర్తం పెట్టి ఎంచుకోలేదు. కానీ నవంబర్ రెండో వారం అనేది మాత్రం ఉత్తినే రాలేదు. ఆ రోజుల్లో జర్మన్ తీవ్ర జాతీయవాదుల కోపమంతా ఐదేళ్ల కిందటి ఒక వారం చుట్టూనే తిరుగుతోంది. హాల్లో హిట్లర్ మాట్లాడింది కూడా ఐదేళ్ల కిందట తాను చేసుకున్న శపథం గురించే. ‘నవంబర్ నేరగాళ్లు’ అనేది వాళ్ల నోట నిత్యం నలిగే తిట్టు.

ఆ నేరగాళ్లు చేసిన నేరమేమిటి? 1918 నవంబర్‌లో బెర్లిన్‌లో జరిగింది గంటల వారీగా చూడాల్సిన కథ. యుద్ధం ఓడిపోతున్నామని సైన్యాధిపత్యానికి సెప్టెంబర్ చివర్లోనే తెలుసు. వెంటనే సంధి అడగమని ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చింది ఈ లూడెన్‌డార్ఫే. అక్టోబర్ ఆఖర్లో నౌకాదళ పెద్దలు బ్రిటిష్ నౌకలతో చివరి పోరుకు సిద్ధం కమ్మంటే నావికులు మొరాయించారు. నవంబర్ మొదట్లో కీల్ రేవులో ఆ మొరాయింపు తిరుగుబాటైంది. రోజుకో నగరం చొప్పున పాకి 9వ తేదీకి బెర్లిన్ చేరింది. కార్మికులు పని మానేసి నగర కేంద్రం వైపు నడిచారు.

చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ అప్పుడు బెల్జియంలోని స్పా పట్టణంలో, సైనిక ప్రధాన కార్యాలయంలో ఉన్నాడు. చక్రవర్తిగా తప్పుకుని ప్రష్యా రాజుగా మాత్రం మిగలొచ్చేమోనని తటపటాయిస్తున్నాడు. బెర్లిన్‌లో ఛాన్సలర్ మాక్స్ ఫాన్ బాడెన్‌కు ఎదురుచూసే ఓపిక లేదు. చక్రవర్తి ఒప్పుకున్నాడో లేదో తేలకముందే, మధ్యాహ్నం వేళ, ఆయన పదవి వదులుకున్నాడని ప్రకటన ఇచ్చేశాడు. తన పదవిని సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఫ్రీడ్రిష్ ఎబర్ట్ చేతిలో పెట్టాడు. రెండు గంటల ప్రాంతంలో ఎబర్ట్ సహచరుడు ఫిలిప్ షైడెమాన్ పార్లమెంటు భవనం నుంచి కింది జనానికి రిపబ్లిక్‌ను ప్రకటించాడు. ఎబర్ట్‌కు ఒళ్లు మండింది. రాజ్యం ఎలా ఉండాలో ఎన్నికైన సభ తేల్చాలి, నువ్వెవరు ప్రకటించడానికి అని నిలదీశాడు. నాలుగు గంటల ప్రాంతంలో కార్ల్ లీబ్‌క్నెహ్ట్ రాజప్రాసాదం దగ్గర ఇంకో రిపబ్లిక్‌ను ప్రకటించాడు, అది సోషలిస్టు రిపబ్లిక్. అంటే పదవి వదులుకోని చక్రవర్తి, రెండు గంటల తేడాతో రెండు రిపబ్లిక్‌లు. విల్‌హెల్మ్ 10న నెదర్లాండ్స్‌కు వెళ్లిపోయాడు. పదవీత్యాగం మీద సంతకం పెట్టింది నవంబర్ 28న. రాచరికం ముగిసిన రోజు ఏదంటే మాత్రం ఎవరైనా 9 అనే చెబుతారు. సంతకం కన్నా వీధిలో వినబడిన మాటే జనం లెక్కలో నిలిచింది.

11న యుద్ధ విరమణ పత్రం మీద సంతకం చేసిన బృందానికి నాయకుడు మతియాస్ ఎర్ట్స్‌బెర్గర్, సైనికుడు కాదు, పార్లమెంటు మనిషి. ఓటమి భారం పౌర నాయకుల మీద పడేలా సైన్యం జాగ్రత్తగా తప్పుకుంది. యుద్ధభూమిలో గెలుస్తున్న సైన్యాన్ని ఇంట్లోవాళ్లు వెనక నుంచి పొడిచారనే కట్టుకథ అక్కడి నుంచి పుట్టింది. ఎర్ట్స్‌బెర్గర్‌ను 1921లో హత్య చేశారు. సంధి కోసం అందరికన్నా ముందు తొందరపెట్టిన లూడెన్‌డార్ఫ్ మాత్రం 1923లో ఆ ‘నేరగాళ్ల’ మీదికి ఊరేగింపు ముందు వరసలో నడిచాడు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా మింగుడుపడని వివరం ఇదే.

కాబట్టి గొలుసు ఇలా ఉంది: 1918 మీద కసి 1923కి దారి తీసింది. 1923 ఓటమి ఏటేటా సంస్మరణ అయింది. ఆ సంస్మరణ 1938లో నాయకులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టింది. 1933లో అధికారంలోకి వచ్చాక నాజీలు 8 సాయంత్రం అదే బీర్ హాల్లో ప్రసంగం, 9న అదే దారిలో ఊరేగింపు తప్పనిసరి చేసుకున్నారు. 1935లో ఆ 16 మంది అవశేషాలను తవ్వి తీసి మ్యూనిక్ నడిబొడ్డున కట్టిన మండపాల్లో ఉంచారు. దివాలా తీసిన తిరుగుబాటును త్యాగంగా మార్చుకున్నారన్నమాట.

తేదీకి అంత కట్టుబడి ఉండటం వాళ్ల ప్రాణాల మీదికీ తెచ్చింది. గెయోర్గ్ ఎల్జర్ అనే వడ్రంగి హిట్లర్‌ను చంపాలనుకున్నాడు. నియంత ఏ రోజు ఎక్కడుంటాడో కనిపెట్టడం చాలా కష్టం, ఒక్క నవంబర్ 8 రాత్రి తప్ప. 1938లో ఎల్జర్ మ్యూనిక్ వెళ్లి హాలు చూసుకుని వచ్చాడు. మరుసటి ఏడాది రాత్రిళ్లు రహస్యంగా హాల్లోనే ఉండిపోయి, వేదిక వెనక స్తంభాన్ని తొలిచి టైమ్ బాంబు అమర్చాడు. 1939 నవంబర్ 8న రాత్రి 9.20కి అది అనుకున్నట్టే పేలింది. పొగమంచు వల్ల విమానం వదిలి రైలు పట్టుకోవాల్సి వచ్చి హిట్లర్ ప్రసంగం తొందరగా ముగించి 13 నిమిషాల ముందే వెళ్లిపోయాడు. ఎనిమిది మంది చనిపోయారు. ఎల్జర్‌ను 1945 ఏప్రిల్‌లో డకావ్‌లో చంపారు. ఇది నవంబర్ 8 కాబట్టి మామూలు జాబితాల్లోకి రాదు. తేదీలు ఘటనలను ఎలా పుట్టిస్తాయో చూపించడానికి మాత్రం దీనికి మించిన ఉదాహరణ లేదు.

1848 కథ చిన్నది, పైవాటితో సంబంధం లేనిది. లైప్‌జిగ్‌కు చెందిన రాబర్ట్ బ్లూమ్ ఫ్రాంక్‌ఫర్ట్ జాతీయసభ సభ్యుడు. వియన్నా తిరుగుబాటుకు సంఘీభావం చెప్పడానికి వెళ్లి తానూ పోరాటంలో దిగాడు. ఆస్ట్రియా చక్రవర్తి సైన్యం నగరాన్ని లొంగదీసుకున్నాక, సభ్యుడిగా తనకున్న రక్షణను కూడా లెక్కచేయకుండా కాల్చేశారు. ఆ రోజే ఎందుకంటే ముట్టడి, విచారణ అప్పటికి పూర్తయ్యాయి కాబట్టి. ఇంకే కారణమూ లేదు.

1989కి వద్దాం. ఇది పూర్తిగా పొరపాటు తేదీ. తూర్పు జర్మనీలో అక్టోబర్ నుంచీ లక్షలమంది వీధుల్లోకి వస్తున్నారు. పాలక కమ్యూనిస్టు పార్టీ అధినేత హొనెకర్ పదవి పోయి ఆ స్థానంలోకి క్రెంజ్ వచ్చాడు. చెకోస్లొవేకియా మీదుగా జనం పడమటికి తరలిపోతుంటే, 9 ఉదయం నలుగురు అధికారులు కూర్చుని కొత్త ప్రయాణ నిబంధనలు రాశారు. దరఖాస్తు పెట్టుకుంటే వీసా త్వరగా ఇస్తారు, అదీ సంగతి. ఈ వార్తను 10 తెల్లవారుజామున 4 గంటలకు విడుదల చేయాలని, ఈలోగా సరిహద్దు సిబ్బందికి చెప్పుకోవాలని ప్లాన్.

సాయంత్రం ఆరింటికి పార్టీ ప్రతినిధి గ్యుంటర్ షబోవ్‌స్కి ప్రెస్ మీట్ పెట్టాడు. నిబంధనల మీద చర్చ జరిగినప్పుడు అతను లేడు. క్రెంజ్ చేతికిచ్చిన కాగితాన్ని సరిగ్గా చదువుకోలేదు. ఏడింటికి కాస్త ముందు దాన్ని చదివి వినిపించాడు. ఎప్పటి నుంచి అమలు అని విలేకరులు అడిగితే కాగితాలు తిరగేసి, తనకు తెలిసినంతవరకు వెంటనే, ఆలస్యం లేకుండా అన్నాడు. పశ్చిమ జర్మనీ టీవీ వార్తలు తూర్పు బెర్లిన్ ఇళ్లలో కూడా వచ్చేవి. సరిహద్దు తెరిచారని జనం విన్నారు, బయల్దేరారు.

బోర్న్‌హోల్మర్ వీధి చెక్‌పోస్టులో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న లెఫ్టినెంట్ కర్నల్ హరాల్డ్ యేగర్‌కు ఏ ఆదేశమూ రాలేదు. పైవాళ్లకు పదేపదే ఫోన్ చేశాడు. గట్టిగా గొడవ చేస్తున్నవాళ్లను పంపేయండి, గుర్తింపు కార్డు ఫొటో మీద స్టాంపు కొట్టి మళ్లీ రానివ్వకండి అన్నారు. సరదాగా అటువైపు చూసొద్దామని వెళ్లిన కొన్ని జంటలు వెనక్కి వచ్చి ఇంట్లో పిల్లలున్నారని మొరపెట్టుకున్నాయి. గుంపు పెరుగుతోంది, టెన్షన్ పెరుగుతోంది, తుపాకులు దగ్గరే ఉన్నాయి. రాత్రి 11.30 ప్రాంతంలో యేగర్ తన సొంత నిర్ణయంతో గేటు ఎత్తించాడు. అనుకున్న ప్రకారం జరిగి ఉంటే 10న జనం ఆఫీసుల ముందు వీసాల కోసం క్యూ కట్టేవాళ్లు. షబోవ్‌స్కి ఇంకొంచెం తడబడినా, యేగర్ ఇంకో అరగంట ఆగినా గోడ కూలిన తేదీ మారిపోయేది. 1938ని గానీ 1918ని గానీ ఆ రాత్రి ఆ గేటు దగ్గర ఎవరూ తలుచుకోలేదు.

మరి ఇన్ని కలిసి రావడం మరీ విడ్డూరం కాదా? అంత కాదు. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజులు ఒకటయ్యే అవకాశం సగానికి పైనే. ఒక దేశం నూటయాభై ఏళ్ల చరిత్రలో ముఖ్య ఘటనలు 23 కన్నా చాలా ఎక్కువే ఉంటాయి. పైగా గొలుసుగా వచ్చిన మూడింటినీ ఒకటిగా లెక్కపెడితే, విడిగా కలిసినవి రెండే. ఇంకో మెలిక ఏమిటంటే, జాబితా తయారు చేసేవాళ్లు కథకు నప్పనివి వదిలేస్తారు. ఐన్‌స్టీన్‌కు 1921 సంవత్సరపు నోబెల్ ఇవ్వాలని రాయల్ స్వీడిష్ సైన్స్ అకాడమీ నిర్ణయించింది 1922 నవంబర్ 9నే. నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్నది 1799 నవంబర్ 9న. దాన్ని ఫ్రెంచి విప్లవ క్యాలెండర్ లెక్కలో బ్రూమేర్ 18 అంటారు కాబట్టి తేదీ కలిసిందని చాలామందికి తట్టదు. అదే పశ్చిమ బెర్లిన్‌లోని యూదు సంఘ భవనంలో 1969 నవంబర్ 9న వామపక్ష తీవ్రవాదులు పెట్టి, పేలకుండా మిగిలిన బాంబు వేరు. 1938 దాడుల వార్షికోత్సవమని చూసుకునే ఆ రోజు పెట్టారు. అది గొలుసులో ఇంకో లంకె.

గోడ కూలాక సంబరమూ సంతాపమూ ఒకే రోజు మీద కూర్చున్నాయి. సంతాపం ఒక్కటే ఉన్నప్పుడే ఆ రోజు గురించి మాట్లాడటం కత్తిమీద సాములా ఉండేది. 1988లో, 1938 ఘటనలకు యాభై ఏళ్లయిన సందర్భంగా పశ్చిమ జర్మనీ పార్లమెంటు అధ్యక్షుడు ఫిలిప్ యెనింగర్ మాట్లాడుతూ, ముప్ఫైల్లో మామూలు జర్మన్లు ఎలా ఆలోచించారో వాళ్ల మాటల్లోనే చెప్పబోయాడు. ఆయన చదివిన తీరుకు ఆ మాటలు ఆయనవే అన్నట్టు వినబడ్డాయి. సభ్యులు లేచి వెళ్లిపోయారు, మర్నాడు ఆయన రాజీనామా చేశాడు.

1990లో ఏకీకరణ జరుగుతున్నప్పుడు జాతీయ దినంగా నవంబర్ 9 అన్న ఆలోచన వచ్చింది గానీ నిలవలేదు. ప్రార్థనాలయాలు కాల్చిన తేదీన బాణసంచా కాల్చడం కుదరదు. ఆగస్టు 23న తూర్పు జర్మనీ పార్లమెంటు అక్టోబర్ 3ను ఎంచుకుంది. దానికి కారణాలు కార్యాలయ వ్యవహారం లాంటివి: ఏకీకరణ ఒప్పందం గురించి యూరప్ దేశాల విదేశాంగ మంత్రులకు చెప్పాల్సిన సమావేశం ఆ ముందే అయిపోతుంది, తూర్పు జర్మనీ తన 41వ వార్షికోత్సవం జరుపుకోవాల్సిన అక్టోబర్ 7 ఇంకా రాదు. ఆ తేదీ వెనక పాత కథ ఏమీ లేదు, ఆ ఎంపిక తెలివైనదే అనిపిస్తుంది నాకు.

2018లో రిపబ్లిక్‌కు నూరేళ్లు, 1938 దాడులకు ఎనభై ఏళ్లు ఒకేసారి వచ్చాయి. నవంబర్ 9న అధ్యక్షుడు స్టైన్‌మయర్ పార్లమెంటులో ప్రసంగించాడు, అదే రోజు ఛాన్సలర్ మెర్కెల్ బెర్లిన్‌లోని ఒక యూదు ప్రార్థనాలయంలో మాట్లాడింది. సెలవు మాత్రం లేదు. జర్మనీలో నవంబర్ 9 ఇప్పటికీ మామూలు పనిదినమే.